ఐదు మూరల తాడు

ఆ ఏడాది మా ఏడో తరగతికి లెక్కల మాస్టారు లేరు. ఉన్నాయన బదిలీ మీద వెళ్ళిపోయాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. అద్దంకి నుంచి లోపలికి, వానొస్తే బస్సు కూడా రాని ఊరు మాది. అడిగి మరీ ఎవరొస్తారు? దాంతో సోషల్ చెప్పే సారు మీదే లెక్కలు కూడా పడ్డాయి. తొంభైల చివర్లో మాట ఇది.

సోషల్‌లో ఆయనకు తిరుగు లేదు. మ్యాపు చూడకుండా కృష్ణానదిని ఉపనదులతో సహా బోర్డు మీద గీసేవారు. లెక్కల పీరియడు వచ్చేసరికి మనిషే మారిపోయేవారు. పుస్తకం ఎడమచేతిలో పట్టుకుని, మా మొహాలు చూడకుండా, బోర్డు మీద రాసుకుంటూ పోయేవారు. ఎవరైనా సందేహం అడిగితే కోపం వచ్చేది. అది కోపం కాదు, భయమని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడే అర్థమైనా నేను ఊరుకునేదాన్నని మాత్రం అనుకోను.

పూర్ణసంఖ్యల పాఠం పత్తి తీతల రోజుల్లో వచ్చింది. పిల్లలు సగం మంది చేలల్లో ఉన్నారు. మిగిలిన వాళ్ళం బెంచీకి ఇద్దరం చొప్పున విశాలంగా కూర్చునేవాళ్ళం. ఆ రోజు సారు బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, మధ్యలో సున్నా పెట్టి, కుడివైపు ఒకటి, రెండు అంటూ, ఎడమవైపు మైనస్ ఒకటి, మైనస్ రెండు అంటూ అంకెలు వేశారు. దాని కింద ప్రశ్న రాశారు. మైనస్ ఏడుకీ రెండుకీ మధ్య దూరం ఎంత?

రాసిన చేత్తోనే జవాబు కూడా రాసేశారు. "గుర్తులు వేరు కాబట్టి తీసివెయ్యాలి. ఏడులోంచి రెండు పోతే ఐదు. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. నేను నోట్సులో స్కేలు పెట్టి గీసుకున్న గీత మీద పెన్సిలు మొనతో ఒక్కో గడీ లెక్కపెట్టాను. సున్నా దగ్గరికి రావడానికే ఏడు అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అంతే వచ్చింది. లేచి నిలబడ్డాను.

"సార్, తొమ్మిది గదండీ?"

"ఏంది తొమ్మిది?"

"దూరం సార్. మైనస్ ఏడు కాణ్ణించి సున్నాకే ఏడుంది. సున్నా దాటి ఇంకో రెండు పోవాలి. ఏడు కంటే తగ్గడమెట్టా సార్?"

ఆయన వెనక్కి తిరగలేదు. "గుర్తులు వేరైతే తీసివెయ్యాలని మొన్ననే రాయించానా లేదా?"

"అది కూడేటప్పుడు గదా సార్. ఇప్పుడు మనం కూడట్లేదు. ఈడ్నించి ఆడికి ఎంతుందో చూస్తున్నాం."

అప్పుడు తిరిగారు. "అయితే నువ్వు చెప్తావా పాఠం? రా, వచ్చి చెప్పు."

అలా అంటే తల దించుకుని కూర్చోవాలని మా క్లాసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా బెంచీలోంచి బయటికొచ్చి, బోర్డు దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క కోసం చెయ్యి చాచాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన సుద్దముక్క ఇవ్వలేదు. చాచిన చేతి మీద కర్రతో ఒక్కటి వేశారు.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ నోరు మాత్రం ఆగలేదు. "సార్, ఒక్కటి అడుగుతానండీ. మన బడి బావి గట్టు నేల మీదికి రెండు మూరలుంది. నీళ్ళు నేల కిందికి ఏడు మూరల్లో ఉన్నాయనుకుందాం. గట్టు మీంచి నీళ్ళకి తాడు ఎంత కావాలి సార్? ఐదు మూరలేనా?"

"లెక్క లెక్కే. ఐదే. పోయి కూర్చో."

కూర్చున్నాను. నోట్సులో ఐదు రాయలేదు.

ఆ బావి గురించి చెప్పాలి. బడి ఆవరణలో ఓ మూల ఉండేది. నీళ్ళు తియ్యగా ఉండేవి. గిలక ఎప్పుడో ఊడి లోపల పడిపోయింది. గట్టు మీద వంగి చేతులతోనే తోడాలి. రోజూ పొద్దున్నే ఇద్దరు పిల్లలు చేదతో నీళ్ళు తోడి, సార్ల గదిలో ఒకటి, మా క్లాసులో ఒకటి, రెండు కుండలు నింపాలి. ఆ ఇద్దరూ ఎప్పుడూ ఆడపిల్లలే. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, ఎవరూ అడగలేదు. మేం తోడుతుంటే మగపిల్లలు గోళీలు ఆడుకునేవాళ్ళు.

ఆ పాఠమైన కొద్ది రోజులకే చేంతాడు పీచులు లేచి, ఓ పొద్దున తెగిపోయింది. చేద మాత్రం గట్టు మీద మిగిలింది. సారు క్లాసులోకి వచ్చి, "ఎవరింట్లో తాడుంది?" అని అడిగారు. అందరికంటే ముందు నా చెయ్యి లేచింది.

ఇంటికెళ్ళి, పత్తి బోరేల మూతులు కట్టే తాళ్ళలోంచి గట్టిది ఒకటి తీశాను. మోచేతి నుంచి వేళ్ళ చివరి దాకా పెట్టి కొలిచి, ఐదు మూరల దగ్గర కత్తిపీట మీద కోశాను. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి చూసింది.

"అంత పొట్టి తాడు ఏం చేసుకుంటావే?"

"సారు చెప్పిన కొలతే."

తెల్లారి మా వంతు కాకపోయినా నన్నూ, నా పక్కన కూర్చునే అమ్మాయినీ నీళ్ళకు పంపారు. ఆ అమ్మాయి నోట్లో నాలుక లేనట్టు ఉండేది. క్లాసులో ఎవరు ఏమడిగినా నా వైపు చూసేది. బావి దగ్గర తాడు చూసి బెదిరిపోయింది. "ఇది అందదే. ఇంటికి పోయి ఇంకోటి తెస్తావా?" అంది. నేను చేదకు ముడి వేసి, గట్టు మీద పొట్ట ఆనించి, చెయ్యి సాగేదాకా వంగి వదిలాను. చేద నీళ్ళకు చాలా పైన గాల్లో ఊగింది. కింద నల్లటి నీళ్ళల్లో మా ఇద్దరి తలకాయలు కనిపిస్తున్నాయి.

ఖాళీ కుండ తెచ్చి స్టూలు మీద పెట్టాను. సారు గ్లాసు ముంచబోయి ఆగారు.

"నీళ్ళేవి?"

"అందలేదు సార్."

"తాడు తెచ్చావుగా?"

"తెచ్చానండీ. మీరు చెప్పినంతే తెచ్చాను. గట్టు రెండు మూరలు, నీళ్ళు ఏడు మూరలు. ఐదు చాలన్నారు గదా సార్."

ఆయన కర్ర కోసం కిటికీ మీద చూశారు, బల్ల కింద చూశారు. కనిపించలేదు. "బయటికి పో. మీ నాన్నను తీసుకొచ్చాకే లోపలికి రా" అన్నారు. నేను మా క్లాసు గోడ పక్కన ఎండలో నిలబడ్డాను. ఏడవలేదని చెప్పను. కానీ గోడ వైపు తిరిగి ఏడ్చాను.

ఎవరో కబురు చెబితే మా నాన్న చేలోంచే వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు మీద దూది పోగులు అంటుకుని ఉన్నాయి. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. సారు జరిగిందంతా చెప్పారు, లెక్క సంగతి తప్ప. నాన్న విన్నాడు. చేతులు జోడించాడు.

"చిన్నపిల్లండీ. దానికి తెలవదు. ఈసారికి క్షమించండి."

"దాన్ని చెప్పమనండి."

నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఎంతసేపు నిలబడ్డా నా నోట్లోంచి ఆ మాట రాలేదు. రానివ్వలేదు. దెబ్బ కంటే నాన్న జోడించిన ఆ చేతులే ఎక్కువ బాధపెట్టాయి. నేను ఆ మాట అనేస్తే ఆ చేతులు దిగుతాయి. అది తెలిసి కూడా అనలేదు.

దారిలో లెక్క సంగతి నేనే చెప్పాను. నాన్న అంతా విని, "ఆయన చెప్పిందే రాసెయ్యగూడదా? నీకేం పోద్ది?" అన్నాడు.

"రాస్తే తాడు నీళ్ళకి అందుద్దా నాన్నా?"

"మొండిదానా" అన్నాడు. తిట్టినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. ఇంటికెళ్ళాక అమ్మ మాత్రం తేల్చేసింది. "సారు కాళ్ళు పట్టుకుని లోపలికన్నా పో, లేదంటే రేపట్నుంచి పత్తి తీతకన్నా రా. గోడ పక్కన నిలబడ్డానికి బడెందుకు?"

"రెండూ చెయ్యను" అన్నాను. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెళ్ళి ఆ గోడ పక్కనే నిలబడ్డాను. కిటికీ తెరిచే ఉండేది. పాఠం వినబడుతూనే ఉంది. పుస్తకం గోడకు ఆనించి రాసుకున్నాను.

కొత్త తాడు తెచ్చే పని ముందురోజే నా పక్కన కూర్చునే అమ్మాయి మీద పడిందట. కిటికీలోంచి చూశాను. ఆ పిల్ల సంచిలోంచి తాడు తీసి బల్ల మీద పెట్టింది. అదీ పొట్టిదే. నా తాడు పక్కన పెడితే సరిగ్గా సరిపోయేటట్టుంది.

సారు దాన్ని పైకెత్తి చూశారు. "ఇదేందమ్మా?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. తల వంచుకునే, అందరికీ వినపడేట్టు చెప్పింది. "నోట్సులో ఐదనే రాయించారు గదా సార్."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత క్లాసంతా నవ్వింది. మగపిల్లలు బల్లలు కొట్టారు. ఇక ఆ పిల్లక్కూడా గోడే గతి అనుకున్నాను. క్లాసు నవ్వు ఆగేదాకా సారు అలాగే నిలబడ్డారు. తర్వాత ఆ తాడు, కిటికీలో పడి ఉన్న నా తాడు రెండూ తీసుకుని, కుండ పట్టుకుని, నా ముందు నుంచే బావి వైపు వెళ్ళారు.

పిల్లలందరూ కిటికీలకు అతుక్కుపోయారు. నేను బయటే ఉన్నాను కాబట్టి అందరికంటే బాగా చూశాను. ముందు ఒక తాడే కట్టి వదిలారు. చేద గాల్లో ఆగింది. ఇంకా వంగారు, చొక్కా గట్టుకు రాసుకుని నాచు అంటింది. అలా వంగి చాలాసేపు లోపలికే చూస్తూ ఉండిపోయారు. తర్వాత చేద పైకి లాగి, రెండో తాడు మొదటి దానికి ముడివేసి, ముడిని పళ్ళతో పట్టి బిగించి మళ్ళీ వదిలారు. నీళ్ళ చప్పుడు వినిపించింది. తోడటం అలవాటు లేని చేతులు. సగం నీళ్ళు ఒలికాయి. తాడు రాపిడికి మధ్యలో ఆగి అరచేతులు ఊదుకున్నారు. కుండ నిండడానికి చాలాసేపు పట్టింది.

కుండ చంకనెత్తుకుని వస్తూ నా దగ్గర ఆగారు. "లోపలికి రా" అన్నారు. క్షమాపణ మాట ఎత్తలేదు. నేను సంచి తీసుకుని వెనకే వెళ్ళాను.

బోర్డు తుడిచి, మళ్ళీ అదే గీత గీశారు. మైనస్ ఏడు దగ్గర సుద్దముక్క పెట్టి ఒక్కో అంకె మీదికీ చిన్న గంతు గీశారు. క్లాసు గట్టిగా లెక్కపెట్టింది. రెండు దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకేసారి "తొమ్మిది" అని అరిచాం. "ఐదు కొట్టేసి తొమ్మిది రాసుకోండి" అన్నారు. తను తప్పు చెప్పానని గానీ, నేను చెప్పింది ఒప్పని గానీ అనలేదు. నాకు అదేమీ అక్కర్లేకపోయింది. పైగా నేను అక్కడితో ఆగదలుచుకోలేదు.

తెల్లారి కుండ ఖాళీగా ఉంది. "నీళ్ళకెవరు?" అన్నారు సారు. మేం ఆడపిల్లలం ఒక్కరమూ లేవలేదు. అంతకు ముందే వేప చెట్టు కింద మాట్లాడుకున్నాం. నేను లేచి, "రోజూ మేమే తోడుతున్నాం సార్. నీళ్ళు మాత్రం అందరూ తాగుతున్నారు" అన్నాను. మళ్ళీ గోడ దగ్గరికి పంపిస్తారేమోనని సంచి సర్దుకునే ఉన్నాను.

సారు మగపిల్లల బెంచీల వైపు తిరిగారు. అందరిలోకీ పొడుగాటి అబ్బాయి లేచి, "మాకు తోడ్డం రాదు సార్" అన్నాడు.

సారు తన అరచేతులు చూసుకున్నారు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "నిన్నటిదాకా నాకూ రాదురా. పో, నేర్చుకో" అన్నారు.

వాళ్ళు వెళ్ళారు, ఒళ్ళంతా తడుపుకుని వచ్చారు. ఆ రోజు నుంచి వంతులు మారాయి.

మా బడి ఏడుతోనే సరి. ఎనిమిదికి అద్దంకి బస్సెక్కాలి. మా ఊళ్ళో ఆడపిల్లల చదువు చాలామందికి అక్కడే ఆగిపోయేది. మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్న రోజుల్లో నాన్న ఆ మాట ఎత్తాడు. "అంత దూరం ఎందుకులేమ్మా."

"నేను పోతాను" అన్నాను.

ఆయన ఎటూ తేల్చుకోలేక, చివరికి సారునే అడగడానికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. ఆ సారు నా గురించి మంచి మాట చెబుతారన్న ఆశ నాకేం లేదు. ఆయన నన్ను ఓసారి ఎగాదిగా చూసి నాన్నతో అన్నారు.

"పంపించండి. ఇంట్లో ఉంచారనుకోండి, మిమ్మల్ని బతకనివ్వదు."

నాన్న నవ్వాడు. అమ్మ వారం రోజులు మాతో మాట్లాడలేదు కానీ, బస్సు పాసుకు ఫోటో తీయించేటప్పుడు నా జడలు తనే వేసింది. నా పక్కన కూర్చునే అమ్మాయిని వాళ్ళింట్లో పంపం అన్నారు. ఆ పిల్ల రెండు పూటలు అన్నం మానేసింది. మూడో పూటకు ఒప్పుకున్నారు.

బడులు తెరిచిన రోజు ఇద్దరం బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాం. తర్వాతి ఊళ్ళో మోతుబరిలా ఉన్న ఒకాయన ఎక్కి, మా ముందు నిలబడి, "లేవండమ్మాయ్, పెద్దవాళ్ళు నిలబడి ఉంటే" అన్నాడు. ఆయన వెనకే ఒక ముసలావిడ, చంకలో బిడ్డతో ఇంకొకామె ఎక్కారు. నా పక్కనున్న పిల్ల నా వైపు చూడకుండానే లేచింది. నేనూ లేచాను. ఇద్దరం ఆయనకు అడ్డంగా నిలబడి, వాళ్ళిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాం.