చుట్టలు ముట్టించాక మా బావ వంతు

మా బావ పోయిన కబురు నాకు పలాస స్టేషనులో అందింది. కొబ్బరికాయల బస్తాలు గూడ్సుకి ఎక్కిస్తుంటే దగ్గరుండి చూసుకుంటున్నాను. వాళ్ళ ఊరు జలంత్రకోట నుంచి రైల్లో వచ్చిన మనిషి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, "బావూ, మీ బావగోరు ఎల్లిపోనారు" అన్నాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. టెక్కలి ప్లీడరుగారికి పొద్దున్నే తంతి ఇచ్చారని కూడా చెప్పాడు.

ప్లీడరుకి తంతి, నాకు మనిషి. నాకు ఏడుపు కంటే ముందు కడుపుమంట వచ్చింది. ఆ తర్వాత బస్తాల మీద కూలబడి ఏడ్చాను.

ఆయన మా అక్క పెనిమిటి. ఉద్దానంలో కొబ్బరితోటలున్న ఆసామి. పోయినవారిని పొగడటం లోకరీతి, నేనూ పొగుడుతాను. కాని కళ్ళల్లో నిప్పులు పోసుకుంటూనే పొగుడుతాను. బతికుండగా ఆయన్ని మరో విధంగా చూసి ఎరగను, ఇప్పుడు కొత్తగా నేర్చుకోలేను.

మా అమ్మ పెరుగు మీది మీగడ అల్లుడికి వేసి, అడుగుది నాకు వేసేది. అదీ సహించాను. నేను సహించలేనిది, ఆయన నోరు విప్పితే ఊరు ఊరంతా చెవులు రిక్కించడం. ఆయనదేమీ నాకున్నంత గొప్ప గొంతు కాదు. బొంగురుగా ఉండేది, పది మందికి మించి వినబడేది కాదు. పంచాయితీ జరిగితే ఓ మూల కూర్చుని కొబ్బరిపీచు తీసుకుని తాడు పేనేవారు. అందరూ అరిచి అలిసిపోయాక, తాడు పక్కన పెట్టి ఒక్క మాట చెప్పేవారు. అదే తీర్పు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నేనూ ఒకసారి పీచు పట్టుకుని కూర్చున్నాను. వేళ్ళు బొబ్బలెక్కాయి, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అది చూసి ఆయన నవ్వలేదు. "నోరు మనదేరా, సెవి ఊరోళ్ళది. ఆళ్ళిచ్చినప్పుడే పుచ్చుకోవాల" అన్నారు.

మా వైపు నుంచి జిల్లా బోర్డుకి ఒక సభ్యుణ్ణి ఎన్నుకోవలసి వచ్చింది. టెక్కలి ప్లీడరుగారు నిలబడ్డారు. నేను నిలబడ్డాను. నేను నిలబడ్డ వారానికి మా బావ నిలబడ్డారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరేమిటని మా అమ్మ అన్నం మానేసింది. నన్ను తప్పుకోమంది గాని ఆయన్ని తప్పుకోమనలేదు.

సోంపేట సంతరోజున ముగ్గురూ ఒకే అరుగు మీద నుంచి మాట్లాడాలని పెద్దలు తీర్మానించారు. ఎవరు ఎప్పుడు మాట్లాడతారో వాళ్ళనే ఎంచుకోమన్నారు. జనం తాజాగా ఉంటారని ప్లీడరుగారు మొదటి వంతు అడిగారు. చివరి మాటే జనానికి గుర్తుంటుందని నేను ఆఖరుది పట్టుకున్నాను. మా బావ మాత్రం, "అంబలి తాగి సుట్టలు ముట్టించినాక నేను సెప్తాను" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మా ఉద్దానం ఆడవాళ్ళు చుట్ట కాల్చే తీరు తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి కాలుస్తారు. అడ్డపొగ అంటాం. ఆ చుట్ట నోట్లో ఉన్నంతసేపూ నోరు తెరిచి అరవడం కుదరదు. సంతలో చేపలూ దుంపలూ అమ్ముకునే ఆ ఆడవాళ్ళ నోటికే ఉపన్యాసకులు భయపడేది. ప్లీడరుగారు ఇంగ్లీషు చట్టాల సంగతి ఎత్తుకోగానే, చేపలు కొంటావా కొనవా అని నిలదీశారు. ఆయన సగంలో దిగిపోయారు. మధ్యాహ్నం చోడంబలి తాగి వాళ్ళంతా చుట్టలు ముట్టించారు. అప్పుడు మా బావ లేచారు. తోటల నుంచి సంతకి వచ్చే దారిలో బళ్ళు ఇసకలో దిగబడుతున్న సంగతి ఒక్కటే చెప్పారు. ఆ బొంగురు గొంతు చివరిదాకా వినబడింది. చుట్టలు కాలేలోగా ముగించి కూర్చున్నారు.

అప్పుడు నా వంతు. చుట్టలు పారేశారు, నోళ్ళన్నీ ఒక్కసారి ఖాళీ అయ్యాయి. నేను రెండు మాటలన్నానో లేదో, ముందు వరసలో ముసలమ్మ చేయి ఊపింది. "నువ్వు ఆ బాబు బావమరిదివి కాదేటి? ఆయన సెప్పీసినాడు కదా, ఇంక నువ్వేటి సెప్తావు?"

సంత సంతంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్నికల్లో ఆయన గెలిచారు, ఇసకదారికి గ్రావెలు కూడా పోయించారు. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. మళ్ళీ మేం ముగ్గురమే. ఈసారి సభ రావివలస గుడి దగ్గర మామిడితోటలో. పెద్దలు వంతులు అడగ్గానే, మా బావ నోరు తెరవకముందే మధ్యాహ్నం వంతు నేను పట్టేసుకున్నాను. ఆయన నా వైపు ఏదో చెప్పబోయినట్టు చూసి ఊరుకున్నారు. ఓర్వలేక ఊరుకున్నారనుకుని పొంగిపోయాను.

ఆరోజు కార్తీక సోమవారం. మల్లికార్జునుడి దర్శనానికి వచ్చిన జనమంతా ఉపవాసం. నక్షత్రాలు కనబడేదాకా అంబలీ లేదు, చుట్టా లేదు. నేనూ ఉపవాసమే ఉండి, ఆ సంగతే తట్టని నా తెలివికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి. నేను లేచేసరికి ఒక్క చుట్ట వెలగలేదు. కడుపులు మాడుతున్నాయి, నోళ్ళు ఖాళీగా ఉన్నాయి. నీ మాటలతో మా కడుపు నింపుతావా అని ఒకామె, దిగిపొమ్మని ఇంకొకామె. నా గొంతు నాకే వినబడటం లేదు.

మా బావ లేచి నిలబడ్డారు. "ఆకలి అందరికీ ఉంది. మావోడు సెప్తాడు, ఇందాం" అని కూర్చున్నారు.

తోట సద్దుమణిగింది. నేను చెప్పదలచిందంతా చెప్పాను. సాయంత్రం ఆయన వంతు వస్తే, తనకి చెప్పేదేమీ లేదనీ దీపాల వేళయింది పదమనీ జనంతో అన్నారు. గెలిచింది నేను. కాని ఆ సభలో నన్ను విన్నది ఆయన అడిగితేనే. మాట్లాడి ఒకసారి గెలిచిన మనిషి, మాట్లాడకుండా నన్ను గెలిపించాడు. ఆ గెలుపు అన్నేళ్ళూ నాకు ముష్టి వేసినట్టే ఉండేది. ఎందుకు మాట్లాడలేదని ఒకసారి అడిగాను. "ఆ దినం నాకు మాటల్లేవురా" అన్నారు. నేను నమ్మలేదు.

మొన్న ఆయన పదోరోజున జలంత్రకోటలో, వాళ్ళ వాకిట్లో నాలుగు ఊళ్ళ జనం కూడారు. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్లీడరుగారు ముందు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నారు. నేను లేచాను. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. చనిపోయి కూడా ఇంత నిశ్శబ్దం సంపాదించాడు కదా అని, దేవుడు క్షమించాలి, అప్పుడూ అసూయపడ్డాను. రావివలస సంగతి చెప్పాను. మా బావ నా మీద జాలిపడి తన వంతు వదులుకున్నారని చెప్పాను.

"జాలి కాదురా."

ఇంట్లో నుంచి మా అక్క గొంతు. తలుపు చాటున కూర్చుని ఉంది, మనిషి కనబడటం లేదు. సభలో ఆమె నోరు విప్పడం ఎవరూ ఎరగరు. జనమంతా గుమ్మం వైపు తిరిగారు.

"ఆ దినం ఇంటికొచ్చి అన్నారు. మీ తమ్ముడు సెప్పినాక నా బొంగురు గొంతు ఎవుడింటాడే అన్నారు. ఆడి గొంతుక నాకుంటే, ఇలాగ ఏళ సూసుకుని, కాసుకుని కూకోనక్కర్లేదే అనీవోరు. మంచం మీద పడ్డాక కూడా అదే మాట. నీ మీద కుళ్ళురా ఆయనకి, బతికినన్నాళ్ళూ."

లోపల ఏడుపు వినబడింది.

జనం గుమ్మం మీంచి చూపు మళ్ళించి, ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. మా బావ కోరుకున్న ఆ గొంతు వినాలని అంతమందీ ఎదురు చూశారు. అది పెగల్లేదు.