సున్నపు తేటలో పసుపు

బ్యాంకు క్లర్కు పరీక్ష ఫలితాల్లో నా నంబరు చూసుకున్న తొమ్మిదో రోజు పొద్దున, అద్దంలో నా కళ్లు పచ్చగా కనిపించాయి. అప్పటికి వారం నుంచి అన్నం సయించడం లేదు, కాఫీ వాసనకే కడుపులో తిప్పుతోంది. సంతోషంతో ఆకలి చచ్చిపోయిందనుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మాది మంగళగిరి, నాన్న మగ్గం నేస్తారు. బీకాం అయ్యాక మూడేళ్లు విజయవాడ కోచింగ్ సెంటర్‌కి బస్సుల్లో నిలబడి తిరిగి తెచ్చుకున్న ఉద్యోగం అది. ఇక మిగిలింది మెడికల్ టెస్ట్ ఒక్కటే. దానికి మూడు వారాల టైముంది.

నా కళ్లు చూసి నాన్న అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పమాకమ్మా."

ఆస్పత్రికి వెళితే కాగితం పుడుతుందని, అది బ్యాంకుకు తెలిస్తే అన్‌ఫిట్ రాసేస్తారని ఆయన భయం. నా భయమూ అదే, కాబట్టి తప్పంతా ఆయన మీదకు నెట్టను. పరీక్షలో అన్ని మార్కులు తెచ్చుకున్నదాన్ని, నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో ఇప్పటికీ తెలియదు.

పైగా కామెర్లకు ఇంగ్లీషు మందు లేదని మా వైపు అందరూ అనే మాటే. పసరు తాగాలి, పత్యం చెయ్యాలి, అంతే. కరకట్ట పక్క ఊళ్లో ఒకాయన పసరు పోస్తాడంటే నాన్న నన్ను తీసుకెళ్లారు. పరగడుపున గ్లాసుడు పసరు తాగించి, పూటకు రెండు చొప్పున నల్ల మాత్రలు పొట్లం కట్టిచ్చాడు. ఉప్పు, నూనె, చింతపండు ముట్టొద్దన్నాడు. తర్వాత నా చేతులకు ఏదో బెరడు రసం రుద్ది సున్నపు తేటలో పెట్టమన్నాడు. నీళ్లు పచ్చగా మారాయి. కామెర్లు దిగుతున్నాయమ్మా అన్నాడు. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ప్రాణం లేచొచ్చింది.

నాలుగు రోజులకోసారి వెళ్లాం. నీళ్లు ప్రతిసారీ పచ్చగానే మారేవి, నా కళ్లు మాత్రం ఇంకా పచ్చబడుతున్నాయి. వాంతులవుతున్నాయంటే లోపలి విషం పోతోందన్నాడు. ఒళ్లంతా దురదంటే పత్యం తప్పి ఉంటావన్నాడు. చప్పిడి మజ్జిగన్నం తప్ప ఏమీ తినని నన్ను పట్టుకుని ఆ మాటన్నాడు!

మూడోసారి వెళ్లొచ్చిన మర్నాడు మధ్యాహ్నం అమ్మ నా హాల్ టికెట్ నంబరు అడిగింది. నిద్దట్లో లేపినా చెప్పే నంబరది. ఆ రోజు ఎంత వెతికినా నోటికి రాలేదు. నా మతి తప్పుతోందని భయపడి అమ్మ ఇక నాన్న కోసం ఆగలేదు, వీధిలో ఆటో ఎక్కించి విజయవాడ ఆస్పత్రికి తెచ్చేసింది. కబురందుకుని నాన్న వెనకాలే వచ్చారు.

ఏం మందులు వాడారని డాక్టరమ్మ అడిగితే నాన్న ఏమీ లేదండీ అన్నారు. "దాస్తే నష్టం మీ అమ్మాయికేనండీ," అందావిడ. అమ్మ కొంగుముడి విప్పి నల్ల మాత్రల పొట్లం బల్ల మీద పెట్టింది.

హెపటైటిస్ ఏ పాజిటివ్. ఒకటి దగ్గర ఉండాల్సిన బిలిరుబిన్ ఇరవై దాటింది, రక్తం గడ్డకట్టడానికి పట్టే ప్రోత్రాంబిన్ టైం బాగా పెరిగింది. ఐసీయూలో వేశారు. కాస్త తేరుకున్నాక డాక్టరమ్మ నాకే చెప్పింది: "కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే వైరస్ ఇది. రెస్ట్ తీసుకుని మామూలుగా తింటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆ మాత్రల్లో ఏముందో గానీ, నీ లివర్‌ని అవే ఇంకా దెబ్బతీశాయని నా అనుమానం."

వార్డుకు మార్చిన వారానికి కడుపులో నీరు చేరింది. మళ్లీ టెస్టులు, మళ్లీ ఇంజెక్షన్లు. నా మెడికల్ తేదీ ఆ మంచం మీదే గడిచిపోయింది.

మాత్రల్లో ఏం కలిపావని అడగడానికి నాన్న మళ్లీ ఆ పసరాయన దగ్గరికి వెళ్లారు. గురువు చెప్పిన రహస్యం, బయటపెట్టకూడదన్నాడట. నాన్న తన చేతులకే ఆ బెరడు రసం రుద్దుకుని సున్నపు తేటలో ముంచారు. తిరిగొచ్చి నా మంచం దగ్గర అరచేతులు చాపారు.

"నాకూ పచ్చనీళ్లే వచ్చాయమ్మా."

నాకు గొంతు చించుకుని అరవాలనిపించింది. ఓపిక లేక అరవలేదు.

డిశ్చార్జి రోజున సంగతంతా విని డాక్టరమ్మ తల పట్టుకుంది. తగ్గిపోయే జబ్బుకు ఉద్యోగం ఎందుకు పోతుంది, సర్టిఫికెట్ పెట్టి గడువు అడగాల్సింది అంది. అప్పుడు రాశాం. బ్యాంకు నుంచి జవాబొచ్చింది. ముందుగా తెలియజేసి ఉంటే పరిశీలించేవారట, గడువు దాటినందున ఎంపిక రద్దట. ఆ వాక్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా లివర్ పరీక్ష, ఎల్‌ఎఫ్‌టీ, ఇప్పుడు నార్మల్. మళ్లీ రాసిన పరీక్షల్లో ఉద్యోగం రాలేదు. నేను చదివిన కోచింగ్ సెంటర్‌లోనే అరిథ్‌మెటిక్ చెబుతున్నాను. ఆకులే కదా, హాని ఏముంటుందని నా ముందు ఎవరైనా అంటే మర్యాద మర్చిపోతాను.

కళ్లు పచ్చబడితే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. పసరు గానీ పొడి గానీ ఏది మింగినా డాక్టరుకు చెప్పండి, పొట్లం ఉంటే చేతికివ్వండి.

ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి క్లాసులో నేను లెక్కలు చెప్పను. జబ్బు చేసింది, మెడికల్‌కు గడువివ్వండి అని బ్యాంకుకు ఉత్తరం రాయమంటాను. పిల్లలు నవ్వుతూ రాస్తారు. ఎంత నెమ్మదిగా రాసే పిల్లయినా ఐదు నిమిషాల్లో ముగించి ఇస్తుంది.