బొమ్మక్క రాసిన ఎండ లెక్క

బొమ్మక్క పాములకు భయపడదు. మొగుడు రంగసామి కోపానికైతే అసలే భయపడదు. అలాంటి మనిషికి 2004లో అరచెయ్యంత సోలార్ బిళ్ళను చూస్తే భయం పట్టుకుంది.

దాన్ని ఆమె మిద్దె మీద బిగించినవాడు హరికృష్ణన్. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో పాలిటెక్నిక్ పంతులు, బొమ్మక్కలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. విరుదునగర్ దారిలో ఉన్న బొమ్మక్క ఊరికి తాగునీళ్ళ కోసం సోలార్ పంపు ఇస్తామన్నవాళ్ళు, ముందు ఏడాదిపాటు ఎండ లెక్క చూపించమన్నారు. ఎండను కొలిచే అసలు యంత్రం ధరకు జత ఎడ్లు వస్తాయి. అందుకని అతను చెక్క మీద చిన్న బిళ్ళ అంటించి, తీగలు కలిపి, కరెంటు పనివాళ్ళు వాడే చౌక మీటరు తగిలించాడు. మధ్యాహ్నం పన్నెండింటికి మీటరులో అంకె చూసి నోటుబుక్కులో రాయడం బొమ్మక్క పని. మంచి ఎండకు తొంభై దాకా చూపించేది.

పది నెలలు ఒక్క రోజూ తప్పలేదు. ఆయుధ పూజ వచ్చింది. కొడవలికీ నాగలికీ సైకిలుకూ బొట్లు పెట్టిన చేత్తోనే, రేపు నీళ్ళిచ్చే తల్లి కదా అని, బిళ్ళకూ దండిగా చందనం రాసి నడుమ కుంకుమ పెట్టింది. పూజ బొట్టు తుడవకూడదు, దానంతటదే రాలిపోవాలి.

మర్నాడు అంకె అరవై. ఆకాశంలో మబ్బు తునక లేదు, అరికాళ్ళు కాలిపోతున్నాయి. బొమ్మక్క మళ్ళీ చూసింది, అదే అంకె. బొట్టు పెట్టినందుకు సైకిలు ఏనాడైనా నడవకుండా పోయిందా? ఆమెకు ఆ అనుమానమే రాలేదు. ఎండే చాలడం లేదనుకుంది. ఇక పంపు రాదు, ఆడవాళ్ళంతా నీళ్ళు మైలున్నర మోయాల్సిందే అనుకుంది. నోటుబుక్కులో తొంభై అని రాసింది. అలా తొమ్మిది రోజులు రాసింది. రాత్రుళ్ళు నిద్ర లేదు, పగలు అన్నం సయించలేదు.

పదో రోజు హరికృష్ణన్ వచ్చాడు. తన సంచిలోని ఇంకో బిళ్ళను పక్కన పెట్టి చూశాడు. అతనిది ఎనభై తొమ్మిది, ఆమెది అరవై ఒకటి.

"సందనం పూసిండావా అక్కా?" అని నవ్వాడు. "ఇది మూస్తే ఎండ లోపలికి ఎట్లా పోతాది? పోనీలే, తుడిస్తే సరిపోతాది."

తరువాత నోటుబుక్కు తెరిచాడు. నవ్వు ఆగిపోయింది.

"మీటరు అరవై అంటా ఉండాది. నువ్వు తొంభై రాసిండావే?"

బొమ్మక్క నోటుబుక్కు దగ్గరికి లాక్కుంది. వేలు ఒక గీత మీద పెట్టింది. "ఈడనించి అబద్దం సార్. దీనికి ముందరదంతా చూసి రాసిందే. పంపు రాదేమో అని భయపడి రాస్తిని."

"అరవై అని రాసింటే తప్పు యాడుందో నాకే తెలిసిపోయుండును. ఇప్పుడు ముందరదాన్ని మాత్రం ఎవరు నమ్ముతారక్కా?" అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. "మళ్ళీ మొదటినించి రాయాల్సిందే. ఏడాది."

ఆ సాయంత్రం ఊటబావి దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. పంపు ఎప్పుడొస్తాదని వాళ్ళలో మాయక్కాళ్ అడిగింది. బొమ్మక్క బిందె దించింది.

"ఇంకో ఏడాది మోయాలక్కా. నావల్లనే."