ఉల్టా గేరు

కారు ఇంగ్లీషుదే గాని దాని ఒంటి మీద బట్టలన్నీ ఇరుగుపొరుగువి. నిజాం కాలంలో ఎవరో అధికారి వాడి వదిలేసింది. దాని సామాను నిజామాబాద్‌లో కాదు గదా, హైదరాబాద్‌లోనూ దొరికేది కాదు. మా ఆయన వదులుతాడా? పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగి లారీ రేడియేటరు, బస్సు లైట్లు, జీపు గేరుబాక్సు తెచ్చి బిగించాడు. డ్రైవరు సీటు ట్రాక్టరుది. దాని మీద నేను బొంత మడిచి వేశాను.

గేరుబాక్సు దగ్గరే తప్పు జరిగింది. కడ్డీ తిరగేసి అతికించాడు. అందరి బండ్లకూ మొదటి గేరు ఉండే చోట మా దానికి రివర్సు పడేది. విప్పి సరిచెయ్యమంటే నవ్వాడు.

"ఉండనియ్యి. దొంగోడు ఎత్కపోదమని గేరేస్తే సక్కగ మన ఇంట్లకే వస్తది."

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. చెబితే దొంగకు దారి చూపినట్టేనట. తను బానెట్‌లో తల పెట్టి ఇంజను చప్పుడు వింటున్నప్పుడు నన్ను సీట్లో కూర్చోబెట్టి, క్లచ్ తొక్కి గేర్లు మార్చమనేవాడు. అట్లా ఆ ఉల్టా గేరు నా చేతికీ అలవాటైంది.

కామెర్లతో ఆయన పోతే నేను ఏడవలేదు. రాయి గుండె అన్నారు అమ్మలక్కలు. అననీ. నాకేమీ అనిపించలేదు. వండమంటే వండాను, తినమంటే తిన్నాను. మూడు నెలలకు మా బావ, అంటే ఆయన అన్న, కారును బోధన్ దగ్గరి చెరకు రైతుకు అమ్ముదామన్నాడు. సరేనన్నాను.

రైతు ఒక డ్రైవరును వెంటబెట్టుకొచ్చాడు. మేము అరుగు మీద ఉన్నాం. డ్రైవరు స్టార్టు చేసి గేరేశాడు. గేటు వైపు ముఖం పెట్టుకున్న కారు వెనక్కి, మా దగ్గరికి వచ్చింది. మళ్లీ వేశాడు. ఇంకో జానెడు వచ్చి అరుగుకు తగిలింది. గేరుబాక్సు ఖరాబైందన్నాడు డ్రైవరు. అట్లయితే తనకొద్దని రైతు కండువా దులుపుకున్నాడు. బావ నా ముఖం చూశాడు.

నేను నోరు మూసుకుంటే చాలు, కారు ఇంట్లోనే ఉంటుంది. కానీ నిలబడిన బండి చచ్చిన బండేనని ఆయనే అనేవాడు. ఇప్పటికే దాని కింద గడ్డి మొలిచింది.

"గేరు ఖరాబు గాలే తమ్మీ," అన్నాను. "నువ్వు రివర్సు అనుకునేటిదే దీనికి ముందట్ది. గది ఎయ్యి, పోతది."

అదే వేశాడు. కారు ఒక్కసారి కూడా ఆగకుండా గేటు దాటి బోధన్ దారి పట్టింది.

ఒట్టు తప్పి దారి చూపించింది నేనే. అప్పుడొచ్చింది ఏడుపు.