తెర మీది నిలువు గీత

ఎన్నో ఏళ్లుగా నా గొంతులో ఒక వాక్యం అడ్డం పడి ఉంది. పెద్దదేం కాదు. ఇంగ్లీషు వాక్యం. దాన్ని ఒకసారి నలుగురి ముందు తప్పు చదివాను. తెలియక కాదు, తెలిసే. అన్నం తింటున్నా, పరీక్ష రాస్తున్నా, నవ్వుతున్నా అది అక్కడే ఉంటుంది. ఈరోజు మరీ ఊపిరాడనివ్వడం లేదు.

ఈరోజే ఎందుకంటారా? ముందు సంతోషం చెప్పనివ్వండి, ఆపుకోలేను. నేను బి.ఎ. పాసయ్యాను! మా తాతకి సంతకం రాదు. మా నాయనకి సంతకం ఒక్కటే వచ్చు. గుంటూరులో పేపర్లో నా నంబరు చూసి, నమ్మలేక మళ్లీ చూసి, పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆయన్ని కావలించుకున్నాను. రైల్లో టిక్కెట్టు చూడ్డానికి వచ్చిన ఆయనకి కూడా చెప్పాను. ఆయన అడగలేదు, అయినా చెప్పాను.

ఇప్పుడు మా ఊళ్లో, మా ఇంట్లో, నడిమింటి తలుపు వేసుకుని కూర్చున్నాను. చొక్కా మార్చుకుంటానని చెప్పి వచ్చాను. వాకిట్లో పందిరి కింద ఊరంతా ఉంది. నేను బల్ల మీద నిలబడి ఇంగ్లీషు పేపరు గట్టిగా చదువుతానని మా నాయన అందరికీ మాటిచ్చాడు. "ఆనాడు డేరాలో చదివినట్ల చదవాల," అన్నాడు. ఆ మాట వినే లోపలికొచ్చేశాను. బయటికెళ్లాలంటే ఈ ఒక్క తలుపే దారి. ఆ తలుపు అవతలే అందరూ ఉన్నారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అమ్మా, చిన్నమ్మా అక్కాచెల్లెళ్లు. ఇద్దర్నీ ఈ ఊరికే ఇచ్చారు. మా అమ్మమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే మంచం పడితే చేసిందంతా చిన్నమ్మే. అమ్మమ్మ పోయాక ఆవిడ కాసులపేరు కనపడలేదు. ఎవరు తీశారు? పోయేటప్పుడు దగ్గరున్నది చిన్నమ్మ కాబట్టి కొందరు ఆమె వైపు వేలు చూపించారు. ఇల్లు పెద్దమ్మాయిది కాబట్టి కొందరు మా అమ్మ వైపు. ఊరు రెండుగా చీలి మాట్లాడుకునేది. ఎటూ తేలలేదు.

నాకు తెలుసు. ఒక పొద్దున మా అమ్మ కొర్రల కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఏదో లోపలికి తోస్తుంటే చూశాను. కొర్రల మధ్య పసుప్పచ్చగా మెరిసింది. ఆమె నన్ను చూసింది. కుండ మీద మూత పెట్టింది. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ కుండ ఇప్పుడు కూడా ఈ గదిలోనే, నా ఎదురుగానే ఉంది.

ఆ రోజుల్లోనే కంభంలో చెరువు కట్ట కింద సినిమా డేరా వేశారు. మూగబొమ్మ. ఇద్దరు రాకుమార్తెల కథ. రాజు పోతాడు. రాజముద్ర ఉంగరం ఎవరి చేతిలో ఉంటే సింహాసనం వాళ్లది. ఆ ఉంగరం మాయమవుతుంది. దొంగ చెల్లెలేనని ఆమెని చెరసాలలో వేస్తారు. ఎవరు దాచారో బొమ్మలో చివరిదాకా చూపరు. మా ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని పోయింది. పేరుకి బొమ్మ చూడ్డానికే. నిజానికి ఆ కథ వినగానే మా ఇంటి సంగతే గుర్తొచ్చింది అందరికీ. మా అమ్మ ఒక పక్క, చిన్నమ్మ ఒక పక్క కూర్చుంటే, జనం తెరనీ చూశారు, వాళ్లిద్దర్నీ చూశారు.

తెర మీద మధ్యమధ్య ఇంగ్లీషులో మాటలు పడేవి. వాటిని రేకు గొట్టంలో తెలుగు చేసి చెప్పే ఆయనకి ఆరోజు జ్వరం. డేరా యజమాని పెట్రోమాక్సు లైటు పట్టుకుని వచ్చాడు.

"ఇంగ్లీషు చదవనేర్చినోళ్లు ఎవరన్నా ఉండారా?"

మా నాయన నా రెక్క పట్టుకుని లేపాడు. "మావాడు సదువుతాడు సామీ! ఇస్కూల్లో థర్డు ఫారం."

నన్ను బల్ల ఎక్కించారు. ఎంత సంతోషమనుకున్నారు! రేకు గొట్టంలో నా గొంతు నాకే పెద్దమనిషి గొంతులా వినిపించింది. తెలిసినవి చదివాను, తెలియనివి బొమ్మ చూసి అల్లాను. జనం ఈలలు వేశారు.

చివరికి సభ వచ్చింది. పెద్ద రాకుమారి సింహాసనం దిగి, ఏడుస్తూ, పెదవులు కదిపింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు పడ్డాయి. నాకు ప్రతి మాటా అర్థమైంది. అందులో ఒక్క కష్టమైన మాట కూడా లేదు. ఎందుకు లేదు? ఒక్కటైనా ఉండి ఉంటే, అర్థం కాలేదని చెప్పుకునేవాణ్ణి కదా.

చదవబోయి కిందికి చూశాను. మా అమ్మ తెర వైపు చూడ్డం లేదు. నన్నే చూస్తోంది. కుండలో చెయ్యి పెట్టినప్పుడు చూసినట్టే. ఉన్నది ఉన్నట్టు చదివితే ఊరి తలలన్నీ ఆమె వైపు తిరుగుతాయి.

రేకు గొట్టంలో చెప్పాను: "నా చెల్లెలే ఉంగరం దాచింది. అయినా నేను క్షమిస్తున్నాను!"

తెర మీద అక్క చెల్లెలి సంకెళ్లు విప్పి, కావలించుకుని ఏడ్చింది. నా అబద్ధానికి అది అతికినట్టు సరిపోయింది. 'ఎంత పెద్ద మనసమ్మా పెద్దామెది!' అని ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ వెనకే మా పక్కింటి ముసలమ్మ అంది: "చూసినారా, చిన్నదే గదా తీసింది!" ఎవరో సందేహపడితే ఇంకెవరో కొట్టిపారేశారు: "ఇంగ్లీషులో రాసి ఏసినారు గదా తెర మీద. అబద్ధమెట్లయితది?"

అంతే. ఇంగ్లీషులో ఉన్నది సర్కారు కాగితంతో సమానం మా వాళ్లకి. ఊరికి తీర్పు దొరికింది. ఆ పూట నుంచి చిన్నమ్మకి 'చిన్నరాణి' అని పేరు పెట్టారు. కొత్తవాళ్లకి అది ముద్దుపేరులా వినిపిస్తుంది. ఆమె వస్తుంటే గిన్నెల మీద మూతలు సర్దుకునేవాళ్లు. 'రావమ్మా చిన్నరాణీ' అంటూనే సర్దుకునేవాళ్లు. చివరికి చిన్నాయన చేను కౌలుకిచ్చి, ఆమెని తీసుకుని గిద్దలూరు పోయాడు. అక్కడ మిరపకాయల దుకాణంలో పనికి కుదిరాడు. ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు.

మరి నాకో? నన్ను బడి మాన్పించి మడక దున్నడానికి పెట్టాలనుకున్న మా నాయన, డేరాలో ఈలలు విని మనసు మార్చుకున్నాడు. మార్కాపురం హైస్కూలుకి పంపాడు. అక్కడి నుంచి గుంటూరు. ఆ సాయంత్రం నిజం చదివి ఉంటే నేను బి.ఎ. చదివేవాణ్ణా? ఈ సంతోషం నాదేనా, ఆమె దగ్గర లాక్కున్నదా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఇక్కడికే వచ్చి ఆగిపోతాను.

ఇదొక్కటే అయితే చిన్నతనం అనుకుందురు. నిన్నటి సంగతి వినండి.

కంభం స్టేషన్లో రైలు దిగాను. నాయనావాళ్లు దండలతో ఇంకా అటు చివర ఉన్నారు. ఇటు కుళాయి దగ్గర ఒకామె నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది.

"నేనురా అబ్బయ్యా, చిన్నమ్మని. పాసైనావంట గదా! గిద్దలూరు దాకా పాకిందిలే నీ పేరు." నువ్వుండల మూట నా చేతిలో పెట్టింది.

"నా కోసం ఇంత దూరం వచ్చినావా చిన్నమ్మా!"

"ఒకటి అడిగిపోదామని వచ్చినా. నవ్వగాకు." నన్ను కుళాయి పక్కకి లాగింది. "ఆ పొద్దు డేరాలో ఆఖర్న అచ్చరాలు పడినప్పుడు అందరూ నన్నే చూస్తుండిరి. నాకు యాడ చూడాల్నో తెలీక తెరనే చూసినా. ఆ అచ్చరాలు నాకేం తెలుస్తయ్? మొదట్లో మాత్రం ఒక నిలువు గీత ఉండె. ఒక్కటే. పక్కన ఇంకో అచ్చరం లేదు. గుంజ పాతినట్ల. ఇన్నేండ్లూ కండ్ల ముందరే ఉండాది. అదేందిరా?"

వంగి, ప్లాట్‌ఫారం దుమ్ములో వేలితో గీసింది. సరిగ్గా గీసింది.

చెప్పడానికి ఎంతసేపు? ఒక్క మాట. కానీ ఆ మాట చెబితే మా అమ్మ ఈ వయసులో ఆ పేరు మోస్తుంది. చెప్పకపోతే ఈమె మోస్తూనే ఉంటుంది. అటు దండలు దగ్గరికొస్తున్నాయి.

"అది అక్షరం కాదు చిన్నమ్మా," అన్నాను. "ఉత్త గీతే. మాట మొదలుపెట్టే ముందు గీస్తారు."

"గీతేనా." వేలితో దాన్ని ఇంకోసారి దిద్దింది. "నేనింకా ఏదో మాటనుకుంటి. సరేలే. బి.ఎ. సదివినోడివి, నీకు తెలవదా."

కాలితో చెరిపేసింది. ఈలోగా మావాళ్లు వచ్చి పడ్డారు. "యో, చిన్నరాణి గూడా వచ్చిందే!" అని ఎవరో నవ్వారు. ఆమె నేను దిగిన పెట్టెలోకే ఎక్కింది. ఆ రైలు గిద్దలూరు పోతుంది.

ఆమెకి నిజంగా తెలియదా? గిద్దలూరులో చదువుకున్నవాళ్లు లేరా? ఎవరో ఎప్పుడో చెప్పే ఉంటారు. మరి నన్నెందుకు అడిగింది? అడగడానికి వచ్చిందా, నా చేత చెప్పించడానికి వచ్చిందా? ఆ నువ్వుండల మూట ఇంకా విప్పలేదు. విప్పే ధైర్యం లేదు.

తలుపు కొడుతున్నారు. మా అమ్మ గొంతు: "రా నాయనా, అందరూ కూచోనుండారు." ఆ గొంతులో ఎంత సంతోషముందో! ఆమెని క్షమించమని మిమ్మల్ని అడగను. నన్నూ క్షమించమనను. బయటికెళ్లి ఏం చదువుతానో నాకే తెలియదు. అయితే ఇక్కడ, ఈ కుండ ముందు, ఆ వాక్యాన్ని ఒక్కసారి సరిగ్గా చదివాను. మెల్లగానే, కానీ పైకి వినపడేట్టు. గొంతులో అడ్డం పడ్డది కొంచెం కదిలింది.

ఆనాడు తెర మీద ఉన్నది ఇది: "నేను దాచాను ఉంగరాన్ని. నా చెల్లెలు ఏ తప్పూ చెయ్యలేదు."

చిన్నమ్మా, అది గీత కాదు. అక్షరం. ఇంగ్లీషులో ఆ ఒక్క అక్షరమే ఒక పూర్తి మాట.

దానర్థం, నేను.