షమీమ్ లేని సినిమా

పన్నెండో ఏట మొదలైన కండరాల జబ్బు, ఇంటర్ చదవాల్సిన వయసుకల్లా షమీమ్ కాళ్లను పూర్తిగా చచ్చుబడేలా చేసింది. ఆళ్లగడ్డలో ఆమె మంచం పక్కనే తల్లి నూరున్నీసా మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. బైకు మెకానిక్ అయిన తమ్ముడు ఇర్షాద్ ఎక్కడిదో పాత కంప్యూటర్ తెచ్చి, అందులో ఒక వీడియో గేమ్ వేసిచ్చాడు. కొండజాతి పిల్ల ఒకతె తప్పిపోయిన తన గుర్రం కోసం కూలిన కోటల మీదుగా పరుగెత్తే ఆట అది.

షమీమ్ చేతివేళ్లు అప్పటికింకా బాగానే ఆడేవి. ఏళ్ల తరబడి ఆ పిల్లను ఆమే పరుగెత్తించింది. ఆటలోని పోట్లాటలంటే ఆమెకు పెద్దగా ఇష్టముండేది కాదు. శత్రువులను తప్పించుకుని కొండ అంచుదాకా పోయి, గాలికి గడ్డి ఊగుతుంటే చూస్తూ నిలబడేది.

"ఈ పొద్దు యాడికి పోతివి?" అని నూరున్నీసా కుట్టుకుంటూనే అడిగేది.

"వాగు దాటినామ్మా."

ఆ ఆటను సినిమాగా తీస్తున్నారన్న కబురు విన్నప్పటి నుంచి షమీమ్‌కు వేరే మాట లేదు. తీరా విడుదలైన రోజే రివ్యూలన్నీ దుమ్మెత్తిపోశాయి. వీడియో గేములను సినిమాలుగా తీస్తే ఎప్పుడూ ఇంతేనని ఒకరు, డబ్బింగ్ కామెడీగా ఉందని ఇంకొకరు. షమీమ్ కోపంతో ఊగిపోయింది. "మీరు ఆట ఆడినోళ్లేనా? మీకేం తెలుసు?" అని ఒక్కొక్కరి కిందా జవాబు రాసింది.

సినిమా ఎత్తేసేలోపే చూడాలని ఇర్షాద్ స్నేహితుడి కారు అడిగి ఆమెను నంద్యాలకు తీసుకెళ్లాడు. థియేటర్ మెట్లెక్కలేదు కాబట్టి చేతుల మీద ఎత్తుకుని మోశాడు. హాలు దాదాపు ఖాళీ.

తెర మీద ఆ కొండ కనబడగానే షమీమ్ ముందుకు వంగింది. పిల్ల అంచు వైపు పరుగెత్తుతోంది. ఒళ్లో పెట్టుకున్న షమీమ్ చేతి బొటనవేలు, ఆటలో మీట నొక్కినట్టు, తనకు తెలియకుండానే కదిలింది. తెర మీది పిల్ల ఆగలేదు. ఎవడో సైనికుడు వచ్చి ఆమెను గుర్రమెక్కించుకుని పోయాడు. గడ్డి కనబడనే లేదు.

తిరుగు దారిలో కారు శిరివెళ్ల దాటింది.

"ఎట్లుంది ఆపా?" అన్నాడు ఇర్షాద్. అక్కను వాడు అలాగే పిలుస్తాడు.

"కొండ ఉంది. కోట ఉంది. గుర్రం గుడకా ఉంది. నేనే లేనురా ఆడ."

"ఈ మాట ఏ రివ్యూలోనూ ఎవురూ అనలే. నువ్వే చెప్పు, ఫోన్లో వీడియో తీసి నెట్లో పెడతా."

మరునాడు ఆమె చెప్పింది, వాడు రికార్డు చేసి పెట్టాడు. జబ్బు అప్పటికే నాలుకదాకా వచ్చింది. మాటలు కాస్త ముద్దగా వస్తున్నాయి. సాయంత్రానికి ఆ వీడియో కింద నవ్వు బొమ్మలు నిండిపోయాయి. 'తాగొచ్చి చెప్తాందా?' అని రాశాడొకడు. ఆమె ఏం చెప్పిందో పట్టించుకున్నవాళ్లు లేరు.

ఇర్షాద్ పళ్లు కొరికాడు. "వాని అడ్రస్ కనుక్కుంటా సూడు."

"వద్దులే. రివ్యూలోళ్లు సినిమాను సూసి నగినారు, వీళ్లు నన్ను సూసి నగుతాండారు. తీసెయ్."

వాడు తీసేశాడు.

వానాకాలం వచ్చేసరికి బొటనవేలూ మాట వినడం మానేసింది. కొండపిల్ల నాలుగడుగులు వేసి గోడకు కొట్టుకుని పడిపోయేది. చూడలేక ఇర్షాద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పు ఆపా, నేను ఆడతా. కుడికా, ఎడమకా?"

"ఎడమకు... ఇంగ పైకి."

వాడు జాగ్రత్తగా కొండ అంచుకు తీసుకెళ్లి నిలబెట్టాడు. గడ్డి ఊగుతోంది. వాడు సంతోషంగా వెనక్కి తిరిగాడు. షమీమ్ కళ్లు తెర మీద లేవు, వాడి వేళ్ల మీద ఉన్నాయి.

"చాల్లేరా, కంప్యూటర్ కట్టెయ్," అంది.

ఆ తర్వాత కుడికా, ఎడమకా అని ఇర్షాద్ మళ్లీ అడగలేదు. తల్లి కూడా, యాడికి పోతివని అడగడం మానేసింది.