మెట్లెక్కే అక్క

మా సీనియర్ అక్కది కొల్లేటి లంక. హిమాలయాలు ఎక్కాలని ఆమె పట్టుదల. మా వైపు కొండల్లేవు కాబట్టి వట్లూరులో మా కాలేజీ మెట్లనే వీపున ఇసుక సంచితో ఎక్కి దిగేది. ఆగినప్పుడల్లా మెడ మీద రెండు వేళ్లుంచి నాడి చూసుకునేది. అప్పుడామె ముఖం ఎవరి మాటో శ్రద్ధగా వింటున్నట్టుండేది.

పర్వతారోహణ శిక్షణ కోసం పెట్టిన ఎంపిక పరీక్షలో ఆమె ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతుంటే డాక్టరుగారు మధ్యలోనే ఆపించారు.

"గుండెలో తేడా ఉందమ్మా. కొండలు వద్దు, పరుగులూ వద్దు."

మర్నాడు మళ్లీ మెట్ల మీదే కనిపించింది. ఈసారి చేపల చెరువు పని మానుకుని వాళ్ల నాన్నగారు వెనకే ఎక్కుతున్నారు.

"మీరైనా ఆపరేంటండీ?" అన్నాను.

"వద్దంటే చాటుగా ఎక్కుతుందమ్మా. పడితే పట్టుకుందామని వచ్చాను."

వానలు మొదలవకముందే ఒక ఉదయం ఆమె పడింది. ఆయన పట్టుకున్నారు. ఆసుపత్రికి చేరేలోపు ఆ చేతుల్లోనే పోయింది.